ఆఖరి సఫ్‌లో కుర్చీ

మా మొహల్లా మస్జిద్‌లో ఆఖరి సఫ్ చివర ఒకప్పుడు రెండే కుర్చీలుండేవి. మొన్న జుమ్మా నాడు లెక్కపెట్టిన, పదకొండు. వాటిలో ఒకదాని మీద నేను కూడా నాలుగు నెలలు కూర్చున్న. నా ఉమర్ యాభై మూడు. సూర్యాపేటలో ఇల్లు, కోదాడలో సర్కారీ బడి నౌకరీ, మిర్యాలగూడలో ససురాల్. షుగర్ లేదు, బీపీ లేదు, అల్‌హందులిల్లాహ్. నన్ను కుర్చీ ఎక్కించింది కుడికాలి మడమ వెనక ఉండే తాడు లాంటి ఒక నస్.

ఆ నస్ గురించి, అది నొప్పి పెడితే మనోళ్లు ఇచ్చే మషూరాల గురించి చెప్పాలని చాన్నాళ్ల నుంచి అనుకుంటున్న.

చదువుకునే రోజుల్లో నేను పదిహేను వందల మీటర్లు ఉరికేవాణ్ని. నల్లగొండ జిల్లా పోటీల దాకా పోయిన. తర్వాత నౌకరీ, షాదీ, చెల్లెళ్ల షాదీలు, పిల్లల ఫీజులు. నలభై ఏడులో మళ్లీ షూస్ కొన్న. ముప్పై అయిదు దాటినోళ్లకు మాస్టర్స్ అథ్లెటిక్స్ అని వేరే పోటీలుంటయని, ఐదేళ్లకొక గ్రూపు చేసి ఉరికిస్తరని తెలిసినంక పాత జిద్ లేచింది. ఫజర్ చదువుకొని సద్దుల చెరువు కట్ట మీదికి పోయేవాణ్ని. మూడేళ్లు బాగనే గడిచింది. అప్పుడు లాలచ్ పుట్టింది. పోటీ దగ్గర పడ్డదని, టైం తగ్గించాలని, గట్టి రోడ్డు మీద రెండు వారాలు రోజూ వేగంగా ఉరికిన. తప్పు నాదే. యాభై ఏళ్ల కాలికి పాతికేళ్ల హుకుం ఇచ్చిన.

ఈ నొప్పి దొంగది. ఒక్కసారి మీద పడదు. ఫజర్‌కు లేచి మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమ వెనక కట్టె లెక్క బిగుసుకొని ఉంటది. వజూ చేసుకొని నాలుగడుగులు వేస్తే వదులైతది. ఉరకడం మొదలుపెట్టినంక అసలు లేనట్టే ఉంటది. తగ్గిందనుకొని ఉరుకుతం, మర్నాడు పొద్దున అది రెండింతలై వస్తది. నేను రెండు నెలలు ఇట్లనే ధోకా తిన్న. ఒకరోజు కోదాడ బస్సు దిగుతుంటే కాలు నేల మీద పెట్టలేకపోయిన.

ఇక మషూరాలు మొదలైనయి. ఒకరు నస్ చఢ్ గయి అన్నరు. ఒకరు హైదరాబాద్ పోయి పహిల్వాన్‌తో కట్టు కట్టించుకో అన్నరు. మా పెద్ద సాలా, "క్యా దుల్హేభాయ్, ఇస్ ఉమర్ మే దౌడ్నా కాయ్‌కు? ఆరామ్ కరో" అన్నడు. అమ్మీ కూడా అదే మాట. మస్జిద్‌లో ఒక బుజుర్గు నా చెయ్యి పట్టుకొని తీసుకపోయి కుర్చీ మీద కూర్చోబెట్టిండు. అందరిదీ మొహబ్బతే. ఎవరినీ తప్పు పట్టను. కానీ ఆ మొహబ్బతే నాకు నాలుగు నెలలు నష్టం చేసింది.

ఇంకా పెద్ద నష్టం జరిగేదే. మాకు తెలిసిన ఒక ఆర్‌ఎంపీ, "మాస్టరు సాబ్, మడమ పక్కన ఒక్క సూది ఇస్తే రెండు రోజుల్లో ఉరుకుతరు" అన్నడు. అది స్టెరాయిడ్ సూది. నేను చెయ్యి జేబులో పెట్టి పైసలు కూడా తీసిన. ఆ సాయంత్రం మిర్యాలగూడల దావత్ ఉండె. అక్కడ మా సాలీ బిడ్డ ఉంది, ఫిజియోథెరపీ చదివింది. సంగతి చెప్పంగనే చేతిలో ప్లేటు పక్కన పెట్టింది.

"ఖాలూ, ఆ సూది మాత్రం నక్కో. నొప్పి పోతది, తాడు మెత్తబడ్తది. నొప్పి లేదని మీరు ఉరుకుతరు, అది తెగుతది. అప్పుడు ఆపరేషన్ దాకా పోతది."

ఆ అమ్మాయి చెప్పినంకనే నాకు అసలు సంగతి అర్థమైంది. మనం నస్ అనేది, నరం అనేది నిజానికి నరం కాదు. పిక్క కండను మడమ ఎముకకు కట్టే తాడు. డాక్టర్లు దాన్ని అకిలెస్ టెండన్ అంటరు. ఒంట్లో ఇంత మందం టెండన్ ఇంకోటి లేదు. ఉరికేటప్పుడు మన బరువుకు ఐదారింతల భారం దాని మీద పడ్తది. కానీ దానికి రక్తం అందేది తక్కువ, మడమకు రెండు నుంచి ఆరు సెంటీమీటర్ల పైన మరీ తక్కువ. అందుకే కండకు దెబ్బ తగిలితే వారాల్లో మానుతది, ఇది నెలలు తీసుకుంటది. వయసు పెరిగితే ఇంకా ఆలస్యం. షుగర్ ఉంటే తాడు గట్టిపడి మరీ మొండిగైతది. మన ఖాన్‌దాన్‌లలో షుగర్ లేని ఇల్లేదో చెప్పండి.

అన్నిటికంటే నన్ను హైరాన్ చేసిన మాట ఇంకోటుంది. ఈ తాడుకు ఇలాజ్ ఆరామ్ కాదు, బరువు. మెల్లగా, కొలిచి, రోజూ వేసే బరువు. పూర్తిగా కూర్చుంటే అది ఇంకా కమ్‌జోర్ అయితది. లేచి ఉరికిన మొదటి రోజే మళ్లీ పట్టుకుంటది.

దీని వెనక ఒక మజాక్ లాంటి కిస్సా ఉంది. స్వీడన్‌లో హకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ అని ఎముకల డాక్టరు. ఆయనకూ ఉరికే షౌక్, ఆయనకూ ఇదే మడమ నొప్పి. ఆపరేషన్ చేయండని పై డాక్టరును అడిగితే ఆయన ఒప్పుకోలేదు. సరే, తాడు పూర్తిగా తెగితే అప్పుడైనా చేయక తప్పదు కదా అని, నొప్పి పుట్టేలా మడమను కిందికి దించుతూ కసరత్తు మొదలుపెట్టిండట. తాడు తెగలేదు, నొప్పి పోయింది. తర్వాత అదే కసరత్తును ఉరికే అలవాటున్న పదిహేను మందితో పన్నెండు వారాలు చేయించి 1998లో అచ్చు వేసిండు. పదిహేను మందీ మళ్లీ ఉరికిన్రు. తర్వాతి పరిశోధనల్లో అందరికీ అంత బాగా కుదరలేదు, అది కూడా చెప్పాలె. కానీ ఆపరేషన్‌కు ముందు కసరత్తు అనే దారి అక్కడి నుంచే గట్టిపడింది.

పని చూస్తే చాలా ఆసాన్. మెట్టు అంచు మీద ముందరి పాదం ఆనించి, రెండు కాళ్లతో పైకి లేవాలె. మంచి కాలు తీసేసి, నొప్పి ఉన్న కాలి మీదనే మెల్లగా మడమను మెట్టు కిందికి దించాలె. మోకాలు నిలువుగా పెట్టి పదిహేను చొప్పున మూడుసార్లు, మోకాలు కొంచెం వంచి మళ్లీ మూడుసార్లు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. రోజుకు నూట ఎనభై. అలవాటైనంక వీపున బరువు పెట్టుకోవాలె. మా ససురాల్ మిర్యాలగూడ, బియ్యం మిల్లుల ఊరు. బియ్యానికి ఏం కొదవ? బిడ్డ పాత స్కూల్ బ్యాగులో ఐదు కిలోలు పోసుకొని మొదలుపెట్టి పది దాకా పోయిన. రంజాన్‌లో తరావీహ్ అయినంక చేసేవాణ్ని. మెట్ల మీద బియ్యం సంచితో నన్ను చూసి పక్కింటి పిల్లలు నవ్వుకునేటోళ్లు.

నొప్పి పూర్తిగా పోయేదాకా ఆగమని కూడా ఆ అమ్మాయి అనలేదు. పదికి ఐదు లోపల నొప్పి ఉంటే ఫర్వాలేదు, మర్నాడు పొద్దున్నకు దిగిపోవాలె, వారం వారం పెరగొద్దు, అంతే. కాబట్టి నా డాక్టరు ఫజర్ నమాజే. మంచం దిగిన మొదటి అడుగు ఏం చెప్తే అదే ఆ రోజు హుకుం. మడమ బిగిస్తే కట్ట మీద నడక, వదులుంటే ఉరుకుడు. గట్టి రోడ్డు మానేసి కోదాడ దిక్కు సాగర్ ఎడమ కాల్వ మట్టికట్ట పట్టుకున్న. ఏడు నెలలకు ఐదు కిలోమీటర్లు ఆగకుండా ఉరికిన.

రెండు సంగతులు ఖాస్‌గా గుర్తుపెట్టుకోండి. సిప్రోఫ్లోక్సాసిన్, లీవోఫ్లోక్సాసిన్ లాంటి గోలీలు మన దగ్గర దస్త్‌లకు, బుఖార్‌కు మెడికల్ షాపులో అడిగినోళ్లకల్లా ఇస్తరు. ఇవి టెండన్లను దెబ్బతీయొచ్చని, తెగేలా కూడా చేయొచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2008లోనే మందు వివరాల కాగితంలో అన్నిటికంటే గట్టి హెచ్చరిక వేయించింది. అరవై దాటినోళ్లకు, స్టెరాయిడ్ వాడేటోళ్లకు ఖత్రా ఎక్కువ. డాక్టరు రాసిచ్చినదాన్ని మీకు మీరే ఆపకండి, కానీ నాకు మడమ నొప్పి ఉందని నోరు తెరిచి చెప్పండి. రెండోది, ఉరికేటప్పుడు వెనక నుంచి ఎవరో తన్నినట్టు అనిపించి, టప్పుమని చప్పుడై, మునివేళ్ల మీద లేవలేకపోతే అది తెగినట్టే లెక్క. కసరత్తు, పహిల్వాన్, నూనె ఏదీ వద్దు, అదే రోజు ఎముకల డాక్టరు దగ్గరికి పోవాలె.

ఇప్పుడు కుర్చీ సంగతి. మసలా చెప్పడానికి నేను ముఫ్తీని కాదు. నిజంగా మజ్‌బూర్ అయినోళ్లకు అది రుఖ్సత్, దాని మీద మాట్లాడే హక్ నాకు లేదు. నేను అడిగేది వేరే. నన్ను కూర్చోబెట్టినోళ్లు నాలుగు నెలల్లో ఒక్కసారైనా "ఎప్పుడు లేస్తవ్?" అని ఎందుకు అడగలేదు? మన దగ్గర యాభై దాటిన మనిషి కుర్చీలో కూర్చుంటే అది వాపసు లేని సఫర్ లెక్క చూస్తరు. సబర్ చేయమంటరు. మెట్టు మీద రోజుకు నూట ఎనభై సార్లు, పన్నెండు వారాలు, ఫాయిదా కనబడకున్నా చేయడం కంటే పెద్ద సబర్ నేను చూడలేదు. దాన్ని మాత్రం పాగల్‌పన్ అంటరు.

పోటీ ఎందుకు, నడిస్తే చాలదా అని కూడా అడుగుతరు. హజ్రత్ ఆయిషా (ర)తో ప్రవక్త (స) పరుగు పందెం పెట్టుకున్న రివాయత్ అబూ దావూద్‌లో ఉంది. మొదటిసారి ఆమె గెలిచారు, కొన్నేళ్లకు ఆయన గెలిచారు. మదీనా రోజులవి, అంటే అప్పటికి ఆయనకు యాభై దాటింది. బయానుల్లో మొహబ్బత్ కోసం ఈ రివాయత్ చెప్తరు, పరుగు సంగతి మర్చిపోతరు.

కెనడాలో ఎడ్ విట్‌లాక్ అని ఒక పెద్దమనిషి ఉండె. జవానీలో ఉరికి, మానేసి, నలభై దాటినంక మళ్లీ మొదలుపెట్టిండు. 2004లో 73 ఏళ్ల ఉమర్‌లో టొరంటోలో మారథాన్‌ను 2 గంటల 54 నిమిషాల 48 సెకన్లలో పూర్తి చేసిండు. గాయాలైతే నెలలకు నెలలు ఆగి మళ్లీ వచ్చేవాడు. ఆయన రోజూ ప్రాక్టీస్ చేసింది ఇంటి దగ్గరి ఖబ్రస్తాన్‌లో, గంటల తరబడి చుట్లు కొడుతూ. మనమేమో అక్కడికి నలుగురి భుజాల మీదనే పోవాలని కూర్చున్నం.

పోయిన చలికాలం మాస్టర్స్ పోటీల్లో పదిహేను వందలు ఉరికిన. నా గ్రూపులో తొమ్మిది మంది, నాది ఏడో నంబరు. టైం ఆరు నిమిషాల రెండు సెకన్లు. కాలేజీలో ఆ టైం వస్తే సిగ్గుతో చచ్చిపోయేవాణ్ని. ఆఖరి వంద మీటర్లలో ఒకాయనను దాటిన. సచ్ చెప్తున్న, ఆ ఖుషీ ఇంకా దిగలేదు.

ఇది రాస్తుంటే మా ఇంటామె వెనక నిలబడి చదివింది. "నా మడమ గురించి ఒక్క లైన్ లేదు జీ" అన్నది. నిజమే. ఆమెకు మూడేళ్ల నుంచి మడమ నొప్పి. నాకు సాలా, బుజుర్గు, ఆర్‌ఎంపీ, దావత్ మొత్తం కలిసి మషూరాలు ఇచ్చిన్రు. ఆమె వంటింట్లో గంటలు గంటలు నిలబడుతుంటే ఆరామ్ కరో అని కూడా ఎవరూ అనలేదు, నాతో సహా. సాలీ బిడ్డకు ఫోన్ చేసిన. ఖాలాది వేరే నొప్పి కావచ్చు, పాదం కింద పట్టేసేది, చూడకుండా కసరత్తు చెప్పను, తీసుకరండి అన్నది. ఈ ఇత్వార్ మిర్యాలగూడ పోతున్నం. బియ్యం బ్యాగు కూడా తీసుకొమ్మంటున్నది మా ఇంటామె, నింపుకొని వద్దామని.