రాళ్ళకు నంబర్లు వేశారు

వసంత పంచమి నాడు అలంపూర్‌లో జోగులాంబ గుడి ముందు నిలబడితే ఈ ఊరు ఆడవాళ్ళదే అనిపిస్తుంది. వరుసల్లో కలశాలు పట్టుకుని కదిలేది ఆడవాళ్ళు. పసుపు, కుంకుమ, గాజులు, పూలు అమ్ముకునేదీ ఎక్కువగా వాళ్ళే. లోపల పూజలందుకునేదీ స్త్రీయే. 2005లో కొత్త గుడి కట్టి, బాల బ్రహ్మాలయంలో ఉన్న అమ్మవారిని అక్కడికి తెచ్చాక ఈ సందడి ఏటేటా పెరుగుతోంది. అయితే శక్తిపీఠం ఉన్నంత మాత్రాన ఆ ఊరి స్త్రీల చేతికి అధికారం వచ్చిందని మురిసిపోవడానికి లేదు. ఆ సంగతి తెలియాలంటే అదే ఊళ్ళో ఇంకో గుడి దగ్గరికి వెళ్ళాలి.

అది కూడవెల్లి సంగమేశ్వరాలయం. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట ఉండేది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని చాళుక్యుల నాటి ఆ గుడిని రాయి రాయి విప్పి, నంబర్లు వేసి, అలంపూర్ తెచ్చి మళ్ళీ పేర్చారు. పాపనాశి గుళ్ళు 23 కూడా అలాగే తరలివచ్చాయి. ఈ పనిని నేను తక్కువ చేసి మాట్లాడను. ఏ రాయి ఎక్కడ ఉండేదో అంత శ్రద్ధగా రాసిపెట్టుకున్నవాళ్ళ కష్టం గొప్పదే.

అదే నీళ్ళ కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో 100కు పైగా ఊళ్ళు పోయాయి. సుమారు లక్ష మంది నిర్వాసితులయ్యారు. కదలకుండా మిగిలిన ఊళ్ళను 1981 వేసవిలో పోలీసులను పెట్టి, ఇళ్ళు కూల్చి ఖాళీ చేయించారు. ఆ మనుషులను ఎవరు ఎలా లెక్కపెట్టారు?

1894 నాటి భూసేకరణ చట్టం ప్రకారం నష్టపరిహారం భూమి మీద హక్కున్నవారికి దక్కుతుంది. పట్టా ఎవరి పేరున ఉండేదో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. నాట్లు వేసి, కలుపు తీసి, పాడి చూసి, ఏటి ఒడ్డున పండిన కూరగాయలను సంతకు మోసిన ఆడమనిషి ఆ కాగితంలో లేదు. ముంపు ఊరి నుంచి వచ్చిన ఒక అవ్వ సంగమేశ్వరాలయం మెట్ల మీద కూర్చుని నాతో చాలాసేపు మాట్లాడింది. డబ్బు ఎంత వచ్చిందో ఆమెకు తెలియదు. మామ వేలిముద్ర వేసి తీసుకున్నాడట. ఎన్ని మడులు పోయాయో, ఏ మడిలో ఏ పైరు వేసేవారో మాత్రం వేళ్ళ మీద లెక్క చెప్పింది.

ఆ తరువాతి తేదీలు చూడండి. పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. ఊళ్ళు ఖాళీ అయి అప్పటికి నాలుగేళ్ళు. భూమే పోయాక వచ్చిన హక్కు అది! 1986లో 98వ నంబరు జీ.వో. ముంపు కుటుంబంలో ఒకరికి ఉద్యోగమంది. 'ఇంటికొక్కరు' అన్నప్పుడు ఆ ఒక్కరెవరో తేల్చేది ఇంటి పెద్దే. ఇంట్లో చదువుకున్న కొడుకు ఉంటే కోడలి పేరు, విధవ కూతురి పేరు ఎవరికి గుర్తొస్తుంది? విధవలను, విడాకులు పొందినవారిని, కుటుంబం వదిలేసిన స్త్రీలను విడి కుటుంబాలుగా లెక్కించాలన్న మాట 2013 భూసేకరణ చట్టంలో గానీ రాలేదు.

2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి అలంపూర్‌ను ముంచినప్పుడూ సాయం కుటుంబానికి ఇంత అనే లెక్కనే పంచారు.

ఇదంతా పాత కథ అనేవారుంటారు. ఇప్పుడు ప్రసాద్ పథకం కింద గుడి దగ్గర యాత్రికులకు వసతులు వచ్చాయి. మంచిదే. యాత్రికురాళ్ళకు మరుగుదొడ్డి దొరకడం చిన్న విషయం కాదు. కానీ గుడి చుట్టుపక్కల మారినప్పుడల్లా మొదట లేవాల్సి వచ్చేది నేల మీద గుడ్డ పరుచుకుని అమ్ముకునేవాళ్ళే. షెడ్డూ తాళమూ ఉన్న దుకాణదారుడితో అధికారులు మాట్లాడతారు. బుట్ట ఉన్న మనిషిని లెమ్మంటారు.

అలంపూర్ ఇప్పుడు మున్సిపాలిటీ. కనుక 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఇక్కడికీ వర్తిస్తుంది. సర్వే పూర్తిచేసి, అమ్ముకునేవారందరికీ ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదని ఆ చట్టం చెబుతుంది. పట్టణ వెండింగ్ కమిటీలో వీధి వ్యాపారుల ప్రతినిధులు కనీసం 40 శాతం ఉండాలి. వారిలో మూడోవంతు స్త్రీలు కావాలి. బుట్టలో పూలు తెచ్చేది భార్య, ధ్రువపత్రం భర్త పేరున అయితే మళ్ళీ 1981 దగ్గరికే వస్తాం. కాబట్టి సర్వే జాబితాను మున్సిపల్ ఆఫీసు గోడకు అంటించమని అడగాలి. కూర్చునే చోటుకొక పేరు చొప్పున, అక్కడ నిజంగా కూర్చునే మనిషి పేరే రాయమని అడగాలి. చదువురానివారికి ఆ జాబితాను చదివి వినిపించే పని మన సభ్యులు తీసుకోవచ్చు. గుడి దగ్గర రద్దీ తగ్గే మధ్యాహ్నాలు అందుకు అనువుగా ఉంటాయని అక్కడ పూలమ్మే ఇద్దరు చెప్పారు.