దారి అందరిదీ

సంక్రాంతి ముందు కీసర టోల్‌గేటు దగ్గర బారులు తీరే కార్లను చూస్తే, జనం బాగుపడ్డారని సంతోషించాలో, ఈ దారి ఇంకెన్నాళ్ళు సరిపోతుందని చింతించాలో తెలియదు. మనకైతే రోడ్డు వెడల్పు చేయడానికి పక్కన నేల ఉంది. చుట్టూ సముద్రమే ఉన్న చిన్న దేశాలకు ఆ అవకాశం తక్కువ. అందుకే ఈ సమస్య వాటిని ముందుగా పట్టుకుంది.

మారిషస్‌నే తీసుకుందాం. 19వ శతాబ్దంలో కోరంగి రేవు నుంచి చెరకు తోటల్లో కూలికి వెళ్ళిన తెలుగువారి సంతతి నేటికీ అక్కడ ఉంది. ఆ దేశ జనాభా సుమారు పన్నెండున్నర లక్షలు. మోటారు సైకిళ్ళతో కలిపి వాహనాలు ఆరు లక్షల పైమాటే. అంటే ఇద్దరికి ఒకటి! ఒకప్పుడు అక్కడ రైళ్ళు నడిచేవి. 1956లో ప్రయాణికుల రైళ్ళను ఆపేశారు. 2005లో విద్యార్థులకు, వృద్ధులకు బస్సు ప్రయాణం ఉచితం చేశారు. అది మంచి పనే. అయినా కార్లు పెరుగుతూనే పోయాయి. చివరికి భారతదేశం చేసిన ఆర్థిక సహాయంతో మళ్ళీ పట్టాలు పరచి, 2020లో మెట్రో నడపవలసి వచ్చింది.

సింగపూర్ మరో దారి పట్టింది. 1990 నుంచి అక్కడ కారు కొనాలంటే ముందు ప్రభుత్వం వేలం వేసే అనుమతి పత్రం కొనాలి. అది పదేళ్ళకే చెల్లుతుంది. 2023లో దాని ధర లక్ష సింగపూర్ డాలర్లు దాటింది. ఇది ధనవంతుడికే దారి వదలడం కాదా? ఈ ఆక్షేపణలో నిజం లేకపోలేదు. కానీ అనుమతి పత్రాల పద్ధతి రావడానికి మూడేళ్ళ ముందే, 1987లో, అక్కడ మెట్రో రైలు మొదలైంది. కారు లేనంత మాత్రాన అక్కడ మనిషి నడిరోడ్డున నిలబడిపోడు. గమనించవలసింది ఇదే.

కార్లపై పన్ను వేసి బస్సు నడపకపోతే పేదవాడికి ఒరిగేదేమీ లేదు. టికెట్టు ఉచితం చేసి బస్సే పంపకపోయినా అంతే. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. ఇక అడగవలసింది జగ్గయ్యపేట, నందిగామ పల్లెలకు రోజుకు ఎన్ని బస్సులు, ఏ వేళకు వస్తున్నాయన్నదే. కారు కొనవద్దని మేము అనడం లేదు. కారు కొనలేనివాడు కూడా వేళకు బడికి, ఆసుపత్రికి, పనికి చేరగలిగితేనే ఆ దారి అందరిదీ అవుతుంది. రోడ్డు వెడల్పుకు లెక్కలు వేసే పాలకులు ఈ లెక్క కూడా వేయాలి.