మూసీ మోరీకి జవాబు చెప్పేటోడు ఎవడు?

మనకు సముద్రం లేదు. అందుకే తీరం నీళ్ల చట్టాల ముచ్చట మనకెందుకనుకుంటం. కానీ అనంతగిరి గుట్టల్లో పుట్టిన మూసీ, పట్నం మురికినంతా మోసుకొని వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తది. కృష్ణ పోయేది బంగాళాఖాతానికే. ఆ మురికి సముద్రం దాకా ఎంత చేరుతదో గానీ, ముందుగాల పడేది మాత్రం ఉమ్మడి నల్లగొండ రైతు పొలంలోనే. పిలాయిపల్లి కాలువ గట్టు మీద నిలబడి చూడండి, ఆ నురగ చూసినంక వేరే సాక్ష్యం అక్కర లేదు. నాట్లేసే ఆడవాళ్ల కాళ్లు దురదలు పెడుతున్నయి. బోరు నీళ్లు తాగరాకుంట అయినయి. ఆ నీళ్లతో పండిన బియ్యం, ఆ ఒడ్డున పెరిగిన గడ్డి మేసిన బర్రెల పాలు మళ్లా పట్నానికే వస్తయి. పట్నపోళ్లు ఇది యాది పెట్టుకోవాలె.

పోనీ, సముద్రం ఉన్నోళ్లకైనా మేలు జరిగిందా? 1991 ఫిబ్రవరిలో వచ్చిన తీరప్రాంత నోటిఫికేషన్, శుద్ధి చేయని మురుగును సముద్రంలోకి వదలొద్దన్నది. అప్పటికే వదులుతున్నది మూడేండ్లలో ఆపాలన్నది. ఇరవై ఏండ్లకు, 2011లో, ఇంకో నోటిఫికేషన్ వచ్చి మళ్లా రెండేండ్ల గడువు పెట్టింది. మొదటి గడువు నిలబడితే రెండోది ఎందుకు? 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మునిసిపాలిటీలకు ఇంకో మూడేండ్లు ఇచ్చింది. పైసలు లేవంటే కుదరదు, వాడుకునేటోళ్ల దగ్గర వసూలు చేసైనా ప్లాంట్లు నడపాలన్నది. అవీ 2020కి ఒడిసినయి. 2021 సర్కారు లెక్క ప్రకారమే హైదరాబాద్‌లో రోజుకు 165 కోట్ల లీటర్ల మురుగు వస్తుంటే, శుద్ధి చేసే సత్తా 77 కోట్ల లీటర్లకే ఉండె. అప్పుడు 3,866 కోట్లతో 31 ప్లాంట్లు మంజూరు చేసిండ్రు. మంచిదే, కాదనం. కానీ ప్లాంటు కట్టుడు వేరు, రోజూ నడుపుడు వేరు. నడుస్తున్నదా లేదా చూసేది ఎవరు?

అసలు లొసుగు ఇక్కడున్నది. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పారిశుధ్యం మునిసిపాలిటీల పని అన్నది. మన పట్నంలో మురుగునీరు 1989లో పుట్టిన జలమండలి చేతిలో ఉన్నది. దానికి అధ్యక్షుడు ముఖ్యమంత్రి. మీ ఓటుతో గెలిచిన కార్పొరేటర్ అధికారిని నిలదీస్తడేమో గానీ, ఆయన మీద అధికారం లేదు. కాపలా కాయాల్సిన కాలుష్య నియంత్రణ మండలి సభ్యులను నామినేట్ చేసేది కూడా సర్కారే. వదిలేటోడు వాళ్లే, పట్టుకునేటోడు వాళ్లే. ఇగ వలిగొండ సర్పంచుకు ఈ లెక్కలో జాగ ఏది?

చట్టంలో జాగ ఉన్నది. 1974 జల కాలుష్య నివారణ చట్టం ప్రకారం రాష్ట్ర కాలుష్య మండలిలో స్థానిక సంస్థల సభ్యులను ఐదుగురి వరకు నామినేట్ చేయొచ్చు. ఆ ఐదుగురిలో కనీసం ఇద్దరు మూసీ దిగువ పంచాయతీల వాళ్లుండాలె. ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్ల పరీక్ష ఫలితాలు ప్రతి వారం ఆ ఊర్ల పంచాయతీ గోడ మీద అంటించాలె. దీనికి కోట్లు అక్కర లేదు.

నీళ్లు అనేది మన నినాదంలో మొదటి మాట. ఎన్ని టీఎంసీలని కొట్లాడినం గానీ, ఎసొంటి నీళ్లని ఎన్నడూ అడగలే. ఆ తప్పులో ఉద్యమంలో తిరిగిన నా పాలూ ఉన్నది. 2014 తర్వాత ఆ మోరీని వేరేవాళ్ల మీదకు నెట్టే వీలు కూడా లేదు.

పరీక్ష ల్యాబుల్లో పనిచేసే ఉద్యోగ మిత్రులకు ఈ అంకెలు తెల్వనివి కావు. విద్యార్థి తమ్ముళ్లు, చెల్లెళ్లు మీ కాలేజీకి దగ్గరున్న ఒక్క ప్లాంటును పట్టుకోండి. సమాచార హక్కు కింద మూడే ప్రశ్నలు రాయండి: కిందటి నెలలో రోజువారీగా లోపలికొచ్చిన మురుగెంత, శుద్ధయి బయటికి పోయిందెంత, మోటార్లు ఆగిన గంటలెన్ని? వచ్చిన జవాబును పిలాయిపల్లి గ్రామసభలో చదివి వినిపించండి.