శాంతికి భక్తి ఒక్కటే దారా?

సంపాదకులకు,

దైవభక్తి లేనివారికి మనశ్శాంతి దొరకదని గత సంచికలోని వ్యాసంలో రచయిత తేల్చేశారు. భక్తి వల్ల ఎందరికో ఊరట దొరుకుతుంది, కాదనను. అది లేనివాళ్లంతా లోలోపల అల్లాడిపోతుంటారనడం మాత్రం అన్యాయం.

విజయవాడలో ఉంటూ నేనీ మాట ఎలా ఒప్పుకోను? 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా, సరస్వతి దంపతులు తర్వాత ఇక్కడి పటమటలో స్థిరపడ్డారు. వెలివేతలు, జైళ్లు అన్నీ చూశారు. కులాన్ని కాదని 1948లో సేవాగ్రాంలో కూతురి పెళ్లి చేశారు. దేవుడి విషయంలో గాంధీజీతో వాదిస్తూనే ఆయన అభిమానం పొందారు గోరా. మనసు నిలకడ లేనివాళ్లు చేయగలిగే పనులా ఇవి?

మా అమ్మ మంచాన పడ్డ చివరి రోజుల్లో నేను ఏ మొక్కూ మొక్కలేదు. రాగిజావ చల్లార్చి చెంచాతో పట్టేదాన్ని. వీపు పుండ్లు పడకుండా రాత్రిళ్లు లేచి పక్కకు తిప్పేదాన్ని. ఓపిక ఉన్నరోజు కూర్చోబెట్టి జడ వేసేదాన్ని. ఆమె పోయాక చాలా ఏడ్చాను, ఇప్పటికీ ఏడుపొస్తుంది. అయినా చేయగలిగిందంతా చేశానన్న నిబ్బరం ఉంది, కంటినిండా నిద్ర పడుతోంది. దినవారాలు చేయకపోతే నీకు శాంతి ఉండదంటూ చుట్టాలు భయపెట్టడమే నన్ను ఎక్కువ బాధించింది.

మీ పత్రికను దుఃఖంలో ఉన్నవాళ్లూ చదువుతారు. వారిలో దేవుణ్ణి నమ్మనివారూ ఉంటారు. వాళ్లకు శాంతి రాసిపెట్టి లేదని రాసేముందు, రచయిత అలాంటివారితో ఒక్కసారైనా కూర్చుని మాట్లాడాల్సింది.

– ఒక పాఠకురాలు, విజయవాడ