అనుమతి రుసుము స్వల్పమే... అసలు భారం స్థలానిదే
ముగ్గు పోయకముందే లెక్క కట్టకుంటే ఇంటి యజమానికి చిక్కులు

డోంగ్లి: పత్తి, సోయా అమ్మిన సొమ్ము చేతికందిన తరువాతే ఈ ప్రాంతంలో చాలా కుటుంబాలు ఇంటి పనికి పూనుకుంటాయి. మేస్త్రీని పిలిపించి, కాగితంపై అంచనా వేయించుకుంటాయి. నల్లరేగడి నేల కావడంతో పునాదికి ఎంత లోతు తవ్వాలి, ఎన్ని ట్రిప్పుల ఇసుక కావాలి, ఇనుము ఎన్ని క్వింటాళ్లు పడుతుంది, శ్లాబు కూలీ ఎంత అన్నవన్నీ ఆ కాగితంపైకి ఎక్కుతాయి. ఎక్కనిది ఒక్కటే. అది అనుమతులు, వాటి అనుబంధ రుసుముల పద్దు. ‘పంచాయతీలో కట్టేదెంతలే’ అన్న ధీమాతో దానిని వదిలేయడం పరిపాటిగా మారింది.

ఆ ధీమాలో సగం నిజముంది. గ్రామ పంచాయతీకి చెల్లించే అనుమతి రుసుము ఇంటి మొత్తం వ్యయంలో చిన్న భాగమే. అయితే ఆ అనుమతి పొందడానికి స్థలం అర్హమైనదేనా అన్న ప్రశ్న తలెత్తినప్పుడే అసలు ఖర్చు బయటపడుతుంది. స్థలం గ్రామకంఠంలో ఉంటే ఒక లెక్క, పొలంలో ఉంటే మరో లెక్క, అనుమతి లేని వెంచర్‌లో ఉంటే ఇంకో లెక్క. ఈ మూడింటిలో తమది ఏదో తేల్చుకోకుండా వేసిన అంచనా మధ్యలోనే తలకిందులు కాక తప్పదు.

మండల కేంద్రమయ్యాక...

మద్నూర్ మండలంలో భాగంగా ఉన్న డోంగ్లి 2022లో కొత్త మండల కేంద్రంగా అవతరించింది. ఊరు మండల కేంద్రమైతే కార్యాలయాలు వస్తాయి, ఉద్యోగులు వస్తారు, అద్దె ఇళ్లకు గిరాకీ పెరుగుతుంది, రహదారి పక్క పొలాలపై కన్ను పడుతుంది. 2016లో నిజామాబాద్ నుంచి విడివడి కామారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు కూడా జిల్లా కేంద్రం చుట్టూ భూముల విలువలకు ఇదే ఊపు వచ్చింది. విలువ పెరగడం భూయజమానికి మేలే. కానీ ప్రభుత్వానికి చెల్లించే పలు రుసుములు ఆ విలువతోనే ముడిపడి ఉన్నాయన్న సంగతిని ఇల్లు కట్టుకునేవారు గమనించవలసి ఉంది.

పంచాయతీ పరిధి ఎంతవరకు?

గ్రామాల్లో ఇళ్ల అనుమతులకు 2002లో వెలువడిన గ్రామ పంచాయతీ లేఅవుట్, భవన నిబంధనలు, 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ఆధారం. 300 చదరపు మీటర్ల లోపు, అంటే సుమారు 360 గజాల లోపు స్థలంలో, 10 మీటర్ల ఎత్తు మించకుండా, నేల అంతస్తుపై రెండంతస్తుల వరకు కట్టే ఇళ్లకు పంచాయతీయే అనుమతి ఇవ్వవచ్చు. అది దాటితే పట్టణ, గ్రామీణ ప్రణాళిక విభాగం సాంకేతిక ఆమోదం తప్పనిసరి. డోంగ్లి వంటి ఊళ్లలో సాధారణ కుటుంబం కట్టుకునే ఇల్లు దాదాపుగా మొదటి కోవలోకే వస్తుంది.

పురపాలికల్లో పద్ధతి వేరు. 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం ప్రకారం అక్కడ 75 గజాల లోపు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తు వరకు ఇంటికి అనుమతి అక్కర్లేకుండా, ఒక్క రూపాయితో నమోదు చేసుకుంటే చాలన్నారు. 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు మించని ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతో తక్షణ అనుమతి కల్పించారు. కామారెడ్డిలోనో, బాన్సువాడలోనో బంధువు ఒక్క రూపాయితో పని ముగించుకున్నాడని విని, గ్రామంలోనూ అదే వర్తిస్తుందనుకుంటే పొరపాటే. ఊరు ఏదైనా పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలోకి వెళితే నిబంధనలు, రుసుములు మళ్లీ మారతాయి. కనుక పంచాయతీ కార్యదర్శిని అడగవలసిన తొలి ప్రశ్న ‘రుసుమెంత’ అన్నది కాదు, ‘ఈ స్థలం ఎవరి పరిధిలో ఉంది’ అన్నదే.

పొలంలో కడితే...

గ్రామకంఠంలోని పాత ఇంటి జాగాలో కొత్త ఇల్లు కట్టేవారికి భూమి మార్పిడి బెడద లేదు. సొంత పొలం గట్టున కట్టుకునేవారు మాత్రం వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చుకోవాలి. ‘నాలా’ మార్పిడిగా వ్యవహరించే ఈ ప్రక్రియకు 2006 నాటి చట్టం మూలం. హైదరాబాద్ మహానగర పాలక సంస్థ వెలుపల దీని రుసుమును 2021 జులైలో భూమి ప్రభుత్వ విలువలో 3 శాతం నుంచి 5 శాతానికి పెంచారు.

ఉదాహరణకు ఎకరా ప్రభుత్వ విలువ రూ.3 లక్షలు అనుకుందాం. రెండు గుంటల భూమి విలువ రూ.15 వేలు అవుతుంది. దానిపై 5 శాతం అంటే రూ.750. మార్చుకోకుండానే కట్టి, తరువాత పట్టుబడితే రుసుముపై మరో 50 శాతం జరిమానా పడుతుంది. అప్పటికీ మొత్తం రూ.1,125 మాత్రమే. సొమ్ము పరంగా ఇది పెద్ద భారం కాదు. కానీ మార్పిడి కాని భూమిలో లేచిన ఇంటికి అనుమతి, దాని ఆధారంగా బ్యాంకు రుణం అడిగినప్పుడు ఆ కాగితం లేకపోవడమే పెద్ద అడ్డంకి అవుతుంది. రూ.750 ఖర్చు లెక్కలో లేకపోవడం వల్ల లక్షల రుణం నిలిచిపోవడం ఏ విధంగానూ లాభసాటి కాదు.

వెంచర్ స్థలమైతే...

అన్నింటికంటే జాగ్రత్త అవసరమైనది అనుమతి లేని వెంచర్లలోని స్థలాల విషయంలో. ఇటువంటి వాటి క్రమబద్ధీకరణకు ప్రభుత్వం 2020 ఆగస్టు 31న జీవో 131 జారీ చేసింది. 101 నుంచి 300 చదరపు మీటర్ల లోపు స్థలానికి మీటరుకు రూ.400 మూల రుసుముగా నిర్ణయించారు. ఆ తరువాత ఇచ్చిన సవరణలో, గజం విలువ రూ.3 వేల లోపు ఉంటే అందులో 20 శాతం చెల్లిస్తే చాలన్నారు. దీనికి తోడు లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ స్థలం వదలకపోతే, రిజిస్ట్రేషన్ నాటి విలువలో 14 శాతం చెల్లించాలి.

గజం వెయ్యి రూపాయల చొప్పున రిజిస్టరైన 150 గజాల స్థలాన్ని తీసుకుంటే మూల రుసుము సుమారు రూ.10 వేలు, ఖాళీ స్థలం రుసుము రూ.21 వేలు, వెరసి రూ.31 వేలు. 2025లో ప్రభుత్వం 25 శాతం రాయితీ ఇచ్చి, గడువును పలుమార్లు పొడిగించింది. నాడు చెల్లించినవారు కొంత ఊరట పొందారు.

ఇక్కడే డోంగ్లి వాసులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. ఆ పథకం 2020 ఆగస్టు 26 నాటికే కొన్ని స్థలాలు రిజిస్టరైన లేఅవుట్లకు ఉద్దేశించినది. డోంగ్లి మండలమైంది 2022లో. అంటే మండల కేంద్రం పేరు చూపి, ఆ తరువాత అనుమతి లేకుండా ఎక్కడైనా వెంచర్ వేస్తే, దానిలోని స్థలానికి ఆ పథకం రక్షణ వర్తించదు. ‘తరువాత ఎల్ఆర్ఎస్ కట్టుకోవచ్చు’ అన్న మాట నమ్మి కొన్నవారు రుసుమును కాదు, స్థలాన్నే పణంగా పెట్టినట్లు. ప్రణాళిక విభాగం ఆమోదించిన లేఅవుట్ సంఖ్య చూడనిదే బయానా ఇవ్వరాదు.

సాయం తరువాత... ఖర్చు ముందు

ఇందిరమ్మ ఇళ్ల పథకం 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభమైంది. సొంత స్థలం ఉన్న లబ్ధిదారుకు రూ.5 లక్షల సాయం దశలవారీగా అందుతుంది. ఇంటి విస్తీర్ణం 400 చదరపు అడుగులకు తగ్గరాదు, 600 దాటరాదు. తొలి లక్ష రూపాయలు బేస్‌మెంటు పూర్తయ్యాకే వస్తాయి. అంటే స్థలం కాగితాలు, రుసుములు, నల్లరేగడిలో లోతైన పునాది ఖర్చు యావత్తూ లబ్ధిదారు ముందుగా తన చేతి నుంచే పెట్టుకోవాలి.

పేద కుటుంబం చితికేది ఈ తొలి దశలోనే. చేతిలో సొమ్ము లేక నూటికి మూడు రూపాయల వడ్డీకి రూ.20 వేలు తెస్తే, పది నెలల్లో వడ్డీయే రూ.6 వేలు అవుతుంది. విస్తీర్ణం పరిమితిని పట్టించుకోకుండా ఒక గది పెంచి కట్టినవారికి బిల్లు ఆగే ప్రమాదం ఉంది. ఆపై రుసుములు కూడా తోడైతే అప్పు మీద అప్పు తప్పదు. అందుకే అంచనా కాగితంలో అనుమతుల పద్దు చివర కాదు, మొట్టమొదట ఉండాలి.

కొన్ని పద్దులు తగ్గాయి కూడా. సిమెంటుపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. నిర్మాణ కార్మికుల సంక్షేమానికి వసూలు చేసే ఒక శాతం సెస్ నుంచి 1996 చట్టం ప్రకారం రూ.10 లక్షల లోపు సొంత ఇంటికే మినహాయింపు ఉండేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత స్మృతి ఆ పరిమితిని రూ.50 లక్షలకు పెంచింది. రూ.12 లక్షలతో ఇల్లు కట్టే కుటుంబానికి ఇది రూ.12 వేల ఆదా. పాత అలవాటు కొద్దీ ఎవరైనా సెస్ అడిగితే, ఏ నిబంధన కిందో చెప్పమని కోరడం యజమాని హక్కు.

సరిహద్దుకు అవతల

డోంగ్లికి పొరుగునే మహారాష్ట్ర. అక్కడి ప్రభుత్వం 2021లో గ్రామీణ ప్రాంతాల్లో సుమారు 1,600 చదరపు అడుగుల లోపు స్థలంలో ఇంటికి నగర రచన విభాగం అనుమతి అక్కర్లేదని, 3,200 అడుగుల వరకు పత్రాలు పంచాయతీకి సమర్పించి, చూపిన రుసుము చెల్లిస్తే చాలని ప్రకటించింది. దెగ్లూర్ వైపు చుట్టరికాలున్న కుటుంబాలకు ఈ తేడా సహజంగానే కనిపిస్తుంది. పద్ధతి ఎవరిది మేలన్న చర్చ ఎలా ఉన్నా, చిన్న ఇంటికి ఏమేమి కట్టాలో ఒకేచోట ముందే తెలియడం మాత్రం అనుసరణీయం.

పంచాయతీకీ లాభమే

రుసుముల విషయంలో ప్రజలకే కాదు, పంచాయతీకీ బాధ్యత ఉంది. 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల వరకు రాష్ట్రంలో గ్రామ పంచాయతీలు ప్రత్యేకాధికారుల పాలనలోనే సాగాయి. ఎన్నికైన పాలకవర్గాలు లేక కేంద్ర ఆర్థిక సంఘం నిధులు నిలిచిపోయి, ట్రాక్టరు డీజిలుకు, వీధిదీపాలకు, పారిశుద్ధ్యానికి ఎన్నో పంచాయతీలు ఇబ్బంది పడ్డాయి. ఇంటి పన్ను, అనుమతి రుసుము వంటి సొంత రాబడి విలువ ఏమిటో ఆ కాలం తెలియజెప్పింది. అనుమతి తీసుకున్న ప్రతి ఇల్లూ రేపు పన్ను పద్దులోకి చేరుతుంది. రశీదు లేకుండా చేతులు మారిన సొమ్ము మాత్రం ఊరి ఖాతాకు చేరదు, యజమానికి ఆధారమూ కాదు.

కొత్త పాలకవర్గాలు తక్షణం చేయగలిగిన పని ఒకటుంది. ఎంత విస్తీర్ణానికి ఎంత రుసుము, ఏయే పత్రాలు జతచేయాలి, ఎన్ని రోజుల్లో జవాబిస్తారు అన్నవి తెలుగుతో పాటు ఇక్కడ వాడుకలో ఉన్న మరాఠీలోనూ రాసి కార్యాలయం గోడపై పెట్టాలి. దీనికి ప్రత్యేక నిధులేమీ అక్కర్లేదు.

ఇల్లు తలపెట్టినవారు పాటించవలసిన వరుస కూడా స్పష్టమే. ముందు స్థలం ఏ కోవకు చెందినదో తేల్చుకోవాలి. పొలమైతే భూభారతి ద్వారా మార్పిడికి దరఖాస్తు చేయాలి. వెంచర్ అయితే ఆమోదం సంఖ్య సరిచూసుకోవాలి. తరువాత ప్లాను గీయించి, పంచాయతీ రుసుము, విద్యుత్తు కనెక్షన్ చార్జీలు, డిపాజిట్ అడిగి తెలుసుకొని రాసుకోవాలి. ప్రతి చెల్లింపునకూ రశీదు తీసుకొని ఇంటి పత్రాలతో కలిపి భద్రపరచాలి. ఆ పద్దుకు సరిపడా సొమ్ము విడిగా ఉంచిన తరువాతే మేస్త్రీకి బయానా ఇవ్వాలి. పునాది తీశాక వచ్చే నోటీసు కంటే, ముగ్గు పోయకముందు కార్యదర్శి వద్ద గడిపే ఒక పూట ఎంతో చౌక.