వేకువ ప్రయాణికులకు చద్దిమూట

లాలాగూడ రైల్వే క్వార్టర్ల వైపు వేకువన నాలుగు గంటలకు నడచి వెళ్ళండి. చుట్టూ ఇంకా చీకటిగా ఉండగానే వంటింటి కిటికీలలో దీపాలు వెలుగుతూ ఉంటాయి, ప్రెషర్ కుక్కర్ల కూతలు వినిపిస్తూ ఉంటాయి. 1893లో నిజాం రైల్వేవారు ఇక్కడ బోగీల వర్క్‌షాపు నెలకొల్పిన నాటి నుండి ఈ పేట రైలు వేళలకు తగినట్లే మేలుకొంటూ వచ్చింది. 2003లో సికింద్రాబాదు నుండి ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు, 2017లో మెట్టుగూడ మీదుగా మెట్రో వచ్చిన తరువాత, నగరానికి ఆ కొసన ఉన్న ఆఫీసులకు కూడా ఇక్కడి నుండే వెళ్ళి వచ్చేవారు పెరిగారు. షిఫ్టు ఉద్యోగులను తీసుకొనిపోయే కార్లు, ఫ్యాక్టరీ బస్సులు సరేసరి. అందుచేత నాలుగు గంటలకే వెలిగే వంటింటి దీపాలు ఇప్పుడు రైల్వే ఉద్యోగుల ఇళ్ళకు మాత్రమే పరిమితమైనవి కావు.

ఈ ఇళ్ళ గృహిణులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. “డాక్టరుగారూ, ఐదింటికల్లా ఇల్లు వదిలే మనిషికి ఏం పెట్టమంటారు? త్వరగా అయ్యేది, ఒంటికి మంచిది చెప్పండి.” ఈ ప్రశ్నకు నేను చాలా ఏళ్ళపాటు తప్పు సమాధానం చెప్పాను. “ఏదైనా సరే, అప్పటికప్పుడు వేడిగా వండి, కడుపు నిండా పెట్టి పంపండి” అనేవాడిని. వేడి అన్నం హితమన్నది శాస్త్రం. దానిని నేను గడియారం చూడకుండా చెప్పాను.

నా తప్పును నాకు తెలియజేసినది ఒక ఇల్లాలు. భర్త అయిదు గంటల లోపే బయలుదేరే ఉద్యోగి. ఖాళీ కడుపున రెండు టీలు, నాలుగు బిస్కట్లు పడవేసి, పదకొండు దాకా అలాగే ఉండి అమ్లపిత్తం తెచ్చుకున్నాడు. ఔషధమిచ్చి, వేడి అల్పాహారం పెట్టమని ఆమెకు చెప్పాను. ఆయనకు గుండెల్లో మంట తగ్గింది. మూడు నెలల తరువాత ఆమె ఒక్కర్తే వచ్చింది. నిద్ర లేదు, తల తిరుగుడు, మలబద్ధకం, పుల్లని త్రేనుపులు. “మూడింటికే లేస్తున్నానండీ. రాత్రి పిల్లల పని ముగిసేసరికి పదకొండవుతుంది. మీరు ఆయనకు మందిచ్చారు, జబ్బు నాకు వచ్చింది” అన్నది. నవ్వుతూనే అన్నది గాని ఆ మాట నన్ను చాలా కాలం వదలలేదు. ఒకరి అగ్నిని కాపాడటానికి మరొకరి నిద్రను బలిపెట్టే చికిత్స చికిత్స కాదు. ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం శరీరాన్ని నిలిపే మూడు ఉపస్తంభాలని చరకాచార్యుడు చెప్పాడు. ఆ మూడింటిలో రెండవ స్తంభాన్ని ఆ ఇంట్లో నేనే కూల్చాను.

బ్రాహ్మీముహూర్తాన లేవాలని వాగ్భటుడు చెప్పలేదా అని కొందరు ఎదురు ప్రశ్న వేస్తారు. చెప్పాడు, ఆరోగ్యవంతునికి చెప్పాడు. లెక్క వేసి చూద్దాం. బ్రాహ్మీముహూర్తం సూర్యోదయానికి రెండు ముహూర్తాల ముందు, అనగా 96 నిమిషాల ముందు ప్రారంభమవుతుంది. మన నగరంలో జూన్ మొదట్లో సూర్యుడు ఇంచుమించు 5-40కి, జనవరిలో 6-45 దాటి ఉదయిస్తాడు. కాబట్టి ఆ ముహూర్తం వేసవిలో నాలుగు దాటిన తరువాత, చలికాలంలో ఐదు దాటిన తరువాత మాత్రమే వస్తుంది. మూడు గంటలకు లేచి చట్నీ రుబ్బే ఇల్లాలు బ్రాహ్మీముహూర్తాన్ని పాటించడం లేదు. రాత్రి జాగరణ చేస్తున్నది. జాగరణ వాతాన్ని పెంచుతుందనీ, రూక్షమనీ శాస్త్రమే చెప్పింది.

సరే, ఆయన సంగతి చూద్దాం. రాత్రి తొమ్మిదిన్నరకో పదింటికో పప్పు, కూర, పెరుగుతో భోజనం చేసి పడుకున్న మనిషికి నాలుగున్నరకు ఆకలి ఉంటుందా? తిన్నది జీర్ణమైనదనడానికి మన ఆచార్యులు గుర్తులు చెప్పారు: త్రేనుపు శుద్ధంగా రావడం, మలమూత్రాలు సాఫీగా పోవడం, ఒళ్ళు తేలికపడటం, ఉత్సాహం, ఆకలిదప్పులు. ఈ గుర్తులేవీ లేకుండానే గడియారం చూచి ఇడ్లీలు మింగి బస్సెక్కినవాడికి, పాత అజీర్ణం మీద కొత్త అన్నం చేరుతుంది. తినకుండా వెళ్ళినవాడికి ఏడు, ఎనిమిది గంటల మధ్య అసలైన ఆకలి వేస్తుంది. ఆ వేళకు చేతిలో ఏమీ ఉండదు. ఉన్నదల్లా టీ కొట్టు, బిస్కట్లు, మిరపకాయ బజ్జీ. పైగా తిండితో కలిపి త్రాగిన టీ ఆ తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. మన ఇళ్ళలో రక్తహీనత ఉన్న ఆడవారు ఈ మాట ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

ఒకసారి తిన్న తరువాత ఒక యామం గడవకుండా తినరాదనీ, రెండు యామాలు దాటనీయరాదనీ వైద్యులలో ఒక నియమం ఉన్నది. యామమంటే మూడు గంటలు. ఈ నియమాన్ని నేను వేకువ ప్రయాణికులకు మేలుకొన్న వేళ నుండి లెక్కపెడతాను. నాలుగున్నరకు లేచినవాడికి ఏడున్నరతో ఒక యామం నిండుతుంది. అదే అతని అల్పాహార వేళ. ఇంట్లో వేయవలసినది గోరువెచ్చని నీరు ఒక గ్లాసు మాత్రమే. తిండి అతనితో పాటు ప్రయాణం చేయాలి. కనుక ఐదింటికి ఏమి వండాలన్నది సరైన ప్రశ్న కాదు. ఏడున్నరకు తినడానికి ముందునాడే ఏమి సిద్ధం చేయాలన్నది అడగవలసిన ప్రశ్న.

దీనికి రెండు మినహాయింపులున్నవి, వాటిని తేలికగా తీసుకోరాదు. మొదటిది మధుమేహానికి మాత్రలు వేసుకునేవారు, ఇన్సులిన్ తీసుకునేవారు. మందు వేసుకొని తిండిని వాయిదా వేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. అట్టివారు మందు వేళను, తిండి వేళను తమ వైద్యునితో కలిపి నిర్ణయించుకొనవలెను. జేబులో ఎల్లప్పుడూ కాస్త పంచదార ఉంచుకొనవలెను. గర్భిణులు, కడుపులో పుండ్లు ఉన్నవారు కూడా ఖాళీ కడుపుతో దూరం పోరాదు. రెండవది హేమంత ఋతువు. రాత్రులు దీర్ఘం, జఠరాగ్ని బలవత్తరం. ఆ దినాలలో ప్రాతఃకాలానికే ఆకలి పుడుతుందని వాగ్భటుడు గమనించి చెప్పాడు. మార్గశిర పుష్య మాసాలలో మీవారు లేస్తూనే ఆకలి అంటే అది నిజమైన ఆకలే. వేడి రాగిజావ ఇచ్చి పంపండి.

ఇక నాతోటి వైద్యులు తప్పక వేసే ఆక్షేపణ ఒకటి. ముందునాటి అన్నం పర్యుషితం, నిషిద్ధం కదా? నేనూ చాలా ఏళ్ళు ఆ నిషేధాన్నే అప్పగించాను. మా గురువుగారు మాత్రం ఉదయం స్నానం, జపం ముగించుకొని మజ్జిగ చద్ది తిని పాఠం మొదలుపెట్టేవారు. శిష్యులుగా మేము దానిని గురించి అడగలేదు, అడగవలసింది. ఇప్పుడు నాకు తోచేది ఇది. మిగిలిపోయి, గిన్నెలో మూతపెట్టి మరచిపోయిన అన్నం వేరు. కావాలని పులియబెట్టినది వేరు. కాంజికం, ధాన్యామ్లం వంటి సంధాన కల్పనలను శాస్త్రమే ఉపదేశించింది. మొదటిది పాడుకావడం, రెండవది పాకం. నేటి శాస్త్రజ్ఞుల మాట కూడా ఇక్కడ కలుస్తుంది: వండిన అన్నం గది వేడిలో గంటల తరబడి ఉండిపోతే ఒక జాతి సూక్ష్మజీవులు పెరిగి విషాన్ని వదులుతాయి, ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. కాబట్టి రాత్రి మిగిలిన అన్నాన్ని తెల్లవారి పోపు వేసి టిఫిన్ డబ్బాలో పెట్టడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. అయితే చాలా ఇళ్ళలో జరుగుతున్నది అదే.

తోడుచద్ది ఇలా చేయాలి. రాత్రి భోజనానికి వండిన అన్నంలో నుండి ముందే ఒకరికి సరిపడా తీసి, మెత్తగా మెదిపి, వేడి తగ్గి గోరువెచ్చగా ఉండగానే కాచిన పాలు పోసి, చెంచాడు పెరుగుతో తోడు పెట్టవలెను. ఆలస్యం చేయరాదు. తెల్లవారేసరికి కమ్మగా తోడుకొని ఉంటుంది. ఉప్పు, అల్లం ముక్కలు, కరివేపాకు కలిపి స్టీలు డబ్బాలో పెడితే రెండు నిమిషాల పని. చిన్న ఉల్లిపాయ విడిగా ఇవ్వండి. ఎండాకాలంలో ఎనిమిది లోపున తినాలి. జిగట, దుర్వాసన ఉంటే పారవేయవలసిందే, పొదుపు చూడరాదు. జలుబు, ఆయాసం ఉన్నవారికి ఇది పనికిరాదు.

వారికి, నిజానికి అందరికీ, నేను ఎక్కువగా చెప్పేది పేలపిండి. తొలి ఏకాదశినాడు బెల్లం కలిపి తిని, మళ్ళీ ఏడాది దాకా మరచిపోయే పేలపిండే. పేలాలు లఘువైనవి, సులభంగా జీర్ణమయ్యేవి. నాలుగు గ్లాసుల జొన్నపేలాలకు ఒక గ్లాసు పుట్నాలపప్పు, చెంచాడు దోరగా వేయించిన జీలకర్ర, అర చెంచా శొంఠిపొడి చేర్చి, మెత్తగా పొడిచేసి, జల్లించి, తడిలేని సీసాలో భద్రపరచుకొనవలెను. ఆదివారంనాడు అరగంట కష్టపడితే వారం గడుస్తుంది. నాలుగు పెద్ద చెంచాల పిండి చిన్న డబ్బాలో, మజ్జిగ వేరే సీసాలో ఇచ్చి పంపండి. ఏడున్నరకు కలుపుకొని, సైంధవ లవణం వేసుకొని త్రాగడమే. మధుమేహులకు బెల్లం వద్దు. పిండిని గురించి చరకుని నియమాలు కఠినమైనవి: రాత్రి తినరాదు, భోజనం చేసిన వెంటనే తినరాదు, అతిగా తినరాదు. వేకువ ప్రయాణికుడు ఆ మూడింటినీ అప్రయత్నంగానే పాటిస్తాడు.

తెలంగాణ ఇళ్ళలో సద్దుల బతుకమ్మనాడు చేసే నువ్వుల సద్ది, నిమ్మకాయ సద్ది, చింతపండు పులిహోర అన్నీ దారిలో తినే అన్నాలే. సద్ది అంటేనే మూటకట్టుకొని పోయే అన్నం. వీటిని మాత్రం వేకువన అన్నం కొత్తగా వండి కలపాలి. పొడులు, పులుసు ముందే చేసుకోవచ్చు. కుక్కరు పెట్టి ఇరవై నిమిషాలు, అంతకు మించి వద్దు. నువ్వులు ఉష్ణం గనుక ఎండాకాలంలో తగ్గించండి.

రాగులను గురించి వేరే చెప్పనక్కర లేదు. మన పక్కనే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థవారు 2017లో వెలువరించిన పట్టికల ప్రకారం నూరు గ్రాముల రాగులలో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నది. పాలిష్ బియ్యంలో అది పది మిల్లీగ్రాములైనా లేదు. రాత్రి పిండిని నీటిలో కలిపి ఉంచితే, తెల్లవారి ఏడు నిమిషాలలో జావ సిద్ధం. ఫ్లాస్కులో పోసుకొని పోవచ్చు. అటుకులు త్వరగా అవుతాయి గాని గురువైనవి. ఆకలిగొన్నవాడు మితంగా తినాలి. ఇడ్లీ మంచిదే, అయితే రెండు మూడింటితో ఆపాలి, చట్నీకి బదులు పొడి, నెయ్యి ఇవ్వండి. బ్రెడ్డు, జాము సంగతి నన్ను అడగకండి.

మెట్రోలో తినడానికి వీలు లేదు. మంచిదే. చేరవలసిన చోటు చేరి, చేతులు కడుక్కొని, కూర్చొని, పది నిమిషాలు మరొక పని పెట్టుకోకుండా తినండి. టీ కావాలంటే గంట తరువాత.

ఇదంతా ఫలించాలంటే రాత్రి భోజనం ఎనిమిది లోపున ముగియాలి. నా సలహాలలో అందరూ తల ఊపి, ఎవరూ పాటించనిది ఇదొక్కటే. టీవీ అడ్డమో, ఫోను అడ్డమో గాని, వేకువ కూత పెట్టే కుక్కరే రాత్రి తొమ్మిదిన్నరకు కూడా కూత పెడుతుంది. ఎనిమిది కుదరని ఇంట కనీసం రాత్రి పప్పు, పెరుగు మానేసి పలుచని మజ్జిగతో రెండు పుల్కాలు తినమంటాను.

ఆ దంపతులు ఇప్పటికీ నా వద్దకు వస్తుంటారు. ఆయన తన పేలపిండి తానే డబ్బాలో పోసుకొని, మజ్జిగ తానే చిలుక్కొని, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోతాడు. ఆమె ఐదున్నరకు లేస్తున్నది. పోయినసారి వచ్చినప్పుడు ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే: వానాకాలంలో సీసాలో పురుగు పడుతున్నది, ఏం చేయాలి? పిండి వారానికి సరిపడా కాక మూడు రోజులకు చొప్పున చేసుకోమనీ, పేలాలను ఇంకొకసారి వేడి మూకుట్లో చెమ్మ ఆరేదాకా తిప్పి, పూర్తిగా చల్లారిన తరువాతనే పొడిచేయమనీ చెప్పాను.