నగరఘోష - మనశ్శాంతి

నగరమునందలి మురుగును గూర్చి, పొగను గూర్చి ఫిర్యాదు చేయువారు గూడ రొద మాట వచ్చునప్పటికి “అదే అలవాటగును” అని సరిపెట్టుకొందురు. చెవికి అలవాటైనట్లు తోచును గాని, మనస్సు అంత సులభముగా అలవాటు పడదని శాస్త్రజ్ఞుల పరిశీలనలు తెలుపుచున్నవి.

ఉపాధ్యాయులు విశేషముగా గమనింపదగిన ఉదాహరణమొకటి న్యూయార్కునందు కలదు. అచ్చట ఒక పాఠశాల ప్రక్కనే ఎత్తైన కట్టడముపై రైళ్లు పోవుచుండెడివి. పట్టాల వైపు గదులలో చదువుకొను పిల్లలు, ఆవలి వైపు ప్రశాంతమైన గదులలోని పిల్లలకంటె పఠనశక్తిలో వెనుకబడిరని మనస్తత్త్వశాస్త్రజ్ఞురాలు ఆర్లీన్ బ్రాన్‌జాఫ్ట్ 1975లో ప్రకటించిరి. ఆరవ తరగతి నాటికి ఆ వెనుకబాటు ఇంచుమించు ఒక సంవత్సరపు చదువంత ఉండెను. పిమ్మట పట్టాలకు రబ్బరు మెత్తలు అమర్చిరి. గదుల పైకప్పులకు ధ్వనిని పీల్చు పలకలు వేసిరి. 1981లో వెలువడిన పరిశీలనలో ఆ భేదము కానరాలేదు. అచ్చట బాగుచేసినది పిల్లలను కాదు, పట్టాలను.

రొద ఎంత అనునదియే గాక, దానిని ఆపు శక్తి మనకు కలదా అనునదియు ముఖ్యమే. డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ అను అమెరికా శాస్త్రజ్ఞులు కొందరికి కర్కశధ్వనులు వినిపించుచు, కావలసినచో ఒక మీట నొక్కి ఆపవచ్చునని చెప్పిరి. మీట నొక్కకపోయినను, ఆ అవకాశము కలదని తెలిసినవారు తరువాతి పనులలో ఎక్కువ ఓర్పు చూపిరి. తప్పులు తక్కువ చేసిరి. రొదకంటె నిస్సహాయత మనస్సును అధికముగా క్రుంగదీయునన్నమాట. అర్ధరాత్రి వీధిలో మైకు మ్రోగుచుండగా, ఎవరికి చెప్పుకొనవలెనో తెలియక పుస్తకము మూసివేసిన విద్యార్థికి ఈ సంగతి వేరుగా వివరింపనక్కరలేదు.

ఇట్టి అలసటకు నేడొక క్రొత్త ఆసరా లభించినది. మనస్సు బాగులేనివారు ఫోనులోను, ఆన్‌లైన్‌లోను నిపుణులతో మాట్లాడవచ్చును. 2015-16 నాటి జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారము పెద్దలలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుచుండిరి. వారిలో అత్యధికులకు చికిత్స లేదు. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన ‘టెలీ-మానస్’ సేవకు 14416 అను సంఖ్యపై ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును. ఆస్పత్రి గుమ్మము తొక్కుటకు బిడియపడువారికి ఇది నిస్సందేహముగా మేలు.

కాని తన గోడు చెప్పుకొనుటకు తలుపు వేసికొనదగిన గది ఒకటి ఉండవలెను గదా! ఐదుగురు ఒకే గదిలో కాపురముండు ఇంట, క్రింద బజారు, ప్రక్కన టెలివిజను మ్రోగుచుండగా మనస్సు విప్పి మాట్లాడుట ఎట్లు? రొద ఎవరిని అధికముగా బాధించునో, వారికే ఈ చికిత్స అందుట కష్టము. పైగా, సలహా చెప్పువారు నిద్రకు ఉపాయములు చెప్పగలరు గాని, వీధిలోని హారను ఆపలేరు. బాధితునికి ఓర్పు మాత్రము నేర్పి పంపినచో, నగరము చేసిన తప్పునకు అతడు ప్రాయశ్చిత్తము చేసికొన్నట్లగును.

చట్టము లేక కాదు. 2000 సంవత్సరపు ధ్వనికాలుష్య నియమముల ప్రకారము నివాసప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లకు మించరాదు. ఆస్పత్రులు, విద్యాలయములు, న్యాయస్థానముల చుట్టు నూరు మీటర్లకు తక్కువ కాని ప్రదేశమును నిశ్శబ్దమండలముగా ప్రకటింపవచ్చును. అచ్చటి హద్దు పగలు 50, రాత్రి 40. పరిమితమైన పండుగదినముల సడలింపు తప్ప, రాత్రి 10 నుండి ఉదయము 6 వరకు బయట లౌడ్‌స్పీకర్లు నిషిద్ధము. 2005 జూలైలో సుప్రీంకోర్టు గూడ రాత్రి నిశ్శబ్దమును గట్టిగా సమర్థించినది. 2011 నుండి హైదరాబాదునందును ధ్వనిని కొలుచు కేంద్రములు పనిచేయుచున్నవి. కొరవడినది అమలు.

కావున మన పాఠశాల చుట్టు నిశ్శబ్దమండలము ప్రకటింపబడినదా అని ఉపాధ్యాయులు విచారింపవలెను. లేనిచో అర్జీ పెట్టవలెను. ఇంట చోటులేని విద్యార్థి ఫోనులో సలహా పొందగోరినచో, బడి విడిచిన పిమ్మట ఒక గది తలుపు తెరచి ఇయ్యవలెను. చికిత్స వ్యక్తికి ఎంత అవసరమో, నిశ్శబ్దము నగరమునకు అంత అవసరము. ఒకటి చూపి రెండవదానిని దాటవేయరాదు.